ఆరుద్ర కార్తెలో వజ్రకరూరు

ఆరుద్ర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే మా తమ్ముడు విత్తనాల మూటలు బండికెత్తుకుంటుంటే నేను ఉరవకొండ పోయి అక్కడ ఆటో ఎక్కి వజ్రకరూరు చేరాను. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆ ఊరు మాకు దగ్గరే. బంధువుల పెళ్లిళ్లకు పోయి అన్నం తిని వచ్చేదాన్నే తప్ప, వానలు పడగానే అక్కడి చేలల్లో వజ్రాలు ఏరేవాళ్లను చూడాలని ఏనాడూ పోలేదు. ఈసారి ఒక ప్రశ్న నన్ను నడిపించింది. అది మా నాయన ప్రశ్న. ఆయన పోయి పద్నాలుగేళ్లయింది. ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

1970ల మొదట్లో నేను ఆరో తరగతి. ముంగారి వాన రాలేదు. ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి కప్పతల్లి పాట పాడుతూ ఇల్లిల్లూ తిరిగారు, ప్రతి గడపలోనూ బిందెడు నీళ్లు పోశారు. తర్వాత పెద్దలంతా కూడి రామాలయంలో విరాటపర్వం చదివించారు. ఆ పర్వం చదివిన చోట వాన పడుతుందని మన తెలుగువాళ్ల నమ్మకం. చదవడానికి బయటి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. గొంతు గంట కొట్టినట్టుండేది. భీష్ముడు ధర్మరాజు గురించి చెప్పే ఘట్టం వచ్చింది. ధర్మరాజు ఉన్న నేలలో మబ్బులు వేళకు కురుస్తాయని ఆయన అర్థం చెప్పాడు. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. పుస్తకం మూసి మా వైపు చూసి, ఇక్కడ కురవలేదంటే ఇక్కడ ధర్మం తప్పినట్టే, మీ పాపమే మీ చేలను ఎండబెట్టింది అన్నాడు.

మా నాయన లేచి నిలబడ్డాడు. "స్వామీ, మేమేం చేసినాము?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పెద్దాయన పూర్వజన్మ అన్నాడు. నాయన నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు. దారంతా మాట్లాడలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఇంట్లో దీపం పెట్టాడు, కసాపురం ఆంజనేయస్వామికి మొక్కులు చెల్లించాడు, ఆ రామాలయంలో పురాణం వినడానికి మాత్రం పోలేదు. చేను ఎండిన ప్రతి ఏడూ గట్టు మీద కూచుని "ఏం చేసినామమ్మా మనం?" అనేవాడు. నేను పిల్లలకు కర్మ సిద్ధాంతం పాఠం చెప్పిన మనిషిని. మా నాయనకు జవాబు చెప్పలేకపోయాను.

వజ్రకరూరు పెద్ద ఊరేమీ కాదు. మండల కేంద్రం. రోడ్డు పొడుగునా ఎరువుల అంగళ్లు, విత్తనాల అంగళ్లు, ఒక మూల నాగలి కర్రులు, గుంటక పలుగులు సాగగొట్టే కొలిమి. టీ హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. చుట్టుపక్కల పల్లెలవాళ్లు మందుబుడ్డికీ విత్తనాలకూ వచ్చిపోయే చోటు. వానలు మొదలైనప్పుడు మాత్రం ఆ ఉగ్గాని తినేవాళ్లలో సగం మంది పైఊళ్లవాళ్లు. బళ్లారి నుంచి, కర్నూలు నుంచి, పల్నాడు నుంచి కూడా వస్తారు. గుడి అరుగుల మీదా చెట్ల కిందా పడుకుంటారు.

ఊరి బయట ఎర్రచేలో ఒక ఆమె కనబడింది. నలభై ఏళ్లుంటాయి, పల్నాడు మాట. తలకు తువ్వాలు చుట్టుకుని, పొద్దుకు ఎదురుగా, అడుగు తీసి అడుగు వేస్తూ పోతోంది. పొద్దు ఎదురుగా ఉంటేనే రాయి మెరుపు కంటికి తగులుతుందట. వాన పై మట్టిని కడిగేస్తుంది, రాళ్లు తేటగా బయటపడతాయి. ఆమె వంగి ఒక గులకరాయి తీసింది. కొంగుతో తుడిచింది. నాలుక మీద పెట్టి తడిపి మళ్లీ ఎండకు పట్టింది. వజ్రం నీళ్లను పట్టదు, జిడ్డును పడుతుంది. ఆ సంగతి శాస్త్రం చదవకుండానే ఈ ఏరేవాళ్లందరికీ తెలుసు. రాయిని వేళ్ల మధ్య తిప్పి చూసి పారేసింది. నేను అక్కడున్న గంటసేపట్లో అట్లా అరవై డెబ్బై రాళ్లు తీసి పారేసి ఉంటుంది. చెంగు మూటలో నాలుగు మాత్రం దాచింది. విప్పి చూపించింది. నాకు పలుగురాళ్లలాగే కనబడ్డాయి.

"ఎన్నాళ్లుగా వస్తున్నావమ్మా?" అన్నాను.

"ఐదేళ్లండీ. కౌలు చేనుకు అప్పయింది. ఇక్కడ ఒక్కటి దొరికితే తీరిపోద్దని వస్తన్నాం."

"దొరికిందా ఎప్పుడైనా?"

"లేదండీ. అదృష్టం ఉండాలిగా."

అంతలో చేను ఆసామి గొర్రు తోలుకుని వచ్చాడు. రాళ్లు ఏరుతున్నవాళ్లను కసురుకోలేదు. "అప్పా, ఈ పొద్దు విత్తనమేస్తాండాము, ఆ గట్టవతలికి పొండి" అన్నాడు. వాళ్లు జరిగారు. మీరు ఎప్పుడూ వెతకలేదా అని నేనడిగితే నవ్వాడు. "గుంటక తోలేటప్పుడు కండ్లు యాడుంటాయి మా? నేలమీదనే గదా. నలభై ఏండ్లుగా చూస్తాండా. మా జేజినాయన చూసె, మా నాయన చూసె." ఏమీ దొరకలేదని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన వెనక భార్య జడ్డిగంలోకి గుప్పెడు గుప్పెడు చెనక్కాయ పప్పు వదులుతూ నడిచింది. పిడికిలి ఎంత బిగువుగా పడితే ఎన్ని పప్పులు జారతాయో ఆ చేతికి తెలుసు. ఎకరాకు నలభై యాభై కిలోల పప్పు పడుతుంది. అప్పుగా తెచ్చిన పప్పు. అదంతా నేల పాలు చేసి ఆకాశం వైపు చూడాలి.

ఒకే చేలో రెండు వెతుకులాటలు చూశాను. గట్టుకు ఈవల గొర్రు, ఆవల చెంగుమూట. గొర్రు పట్టినవాణ్ణి కష్టజీవి అంటాం, రాళ్లు ఏరేవాళ్లను ఆశపోతులంటాం. ఆ చేలో నిలబడి చూస్తే నాకు ఆ తేడా కనబడలేదు. ఇద్దరూ పొద్దు పొడిచింది మొదలు నడుం వంచినవాళ్లే. ఇద్దరి ఫలమూ వాళ్ల చేతిలో లేదు.

ఈ నేల పాత గనుల నేల. 16వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, గుత్తి సీమ వజ్రాల గనుల గురించి రాశాడు. ఒక తూకం దాటిన రాయి ఏది దొరికినా రాజుకు చేరాలని అప్పటి కట్టడి. చిన్నవి తవ్వించినవాళ్లకు, పెద్దవి రాజుకు. 1880లలో ఈ ఊళ్లో 67 కారట్ల ముడివజ్రం దొరికింది, మద్రాసులో సానపట్టారు. దాంతో దొరల కళ్లు ఇటు పడ్డాయి. దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో నీలిరంగు రాతిలో వజ్రాలు తవ్వుతున్న రోజులవి. వజ్రకరూరులోనూ అలాంటి నీలిరాయి కనబడింది. కంపెనీలు దిగి గుంతలు తవ్వాయి. ఆశించినంత దొరక్క లేచిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక మన భూగర్భ సర్వే వాళ్లు ఏళ్లతరబడి పరిశోధించి, వజ్రకరూరు, లత్తవరం, చిగిచెర్ల, కల్యాణదుర్గం వైపు కింబర్లైటు గొట్టాలు చాలానే గుర్తించారు. గని మాత్రం నడవలేదు. మిగిలింది ఊరి పేరులోని వజ్రం, చేలల్లోని గులకరాళ్లు, జూన్ నెలలో ఎవరికో రాయి దొరికిందని పేపర్లో వచ్చే వార్త.

ఆ రాయి పైకొచ్చిన తీరు తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున తయారైన స్ఫటికం. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి ఒకటి పైకి ఎగదన్ని దాన్ని తెచ్చింది. తర్వాత కోట్ల ఏళ్ల వానలు ఆ రాతిని అరగదీసి వజ్రాన్ని మట్టిలో చల్లాయి. అప్పటికి మనిషి లేడు. పాపమూ పుణ్యమూ అనే మాటలు పలికే నోరు లేదు. ఈ జూన్‌లో ఎవరి చెప్పు కింద అది మెరిస్తే వాణ్ణి పుణ్యాత్ముడంటాం. అనకూడదా అంటే, అభిమానంతో అనే మాటే, తప్పు పట్టను. కానీ ఆ మాటకు రెండో అంచు ఉంది. దొరికినవాడు పుణ్యాత్ముడైతే ఐదేళ్లుగా దొరకని ఆ పల్నాడు ఆమె ఎవరు? వాన పడినవాడు పుణ్యాత్ముడైతే మా నాయన ఎవరు?

వాన సంగతీ అంతే. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీద బరువు దించుకుని మా వైపు వట్టి చేతులతో వస్తాయి. ఈశాన్య మబ్బులకు తూర్పు తీరం నుంచి ఇక్కడికి రావడానికే ఊపిరి చాలదు. రెండింటికీ మేం చివరివాళ్లం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు పడితే. కనుమలు లేచింది ఏ రైతు పాపానికీ కాదు. 1876లో మొదలైన ధాతు కరువులో ఈ సీమలో గంజి కోసం నడుస్తూ దారిలోనే పడిపోయినవాళ్లలో చంటిపిల్లలూ ఉన్నారు. వాళ్ల లెక్కలో ఏ పాపం రాస్తాం?

అదృష్టం అనే మాటను మనం రోజూ వాడతాం, దాని పుట్టుక గుర్తుంచుకోం. దృష్టం కానిది అదృష్టం. కంటికి కనబడనిది, అంతే. కణాదుడి వైశేషిక సూత్రాల్లో సూది అయస్కాంతం వైపు జరగడానికీ, చెట్టులో నీరు పైకి పాకడానికీ కారణం అదృష్టమని ఉంది. సూది ఏం పుణ్యం చేసింది? కారణం ఉంది, అది మనకు కనబడటం లేదు అని ఆ ఋషి నిజాయితీగా ఒప్పుకున్న మాటగా నేను దాన్ని చదువుకుంటాను. ఆ మాట తర్వాతి దర్శనాల్లో పుణ్యపాపాల మూటగా మారింది. తెలియదు అనే మాట తీర్పుగా మారిపోయింది. నా దృష్టిలో మన ఆలోచనకు జరిగిన పెద్ద నష్టం ఇదే.

చెనక్కాయ చెట్టును దగ్గరగా చూసినవాళ్లకు నేనంటున్నది తెలుస్తుంది. విత్తిన నెలకు పసుపు పువ్వు పూస్తుంది, అందరికీ కనబడేలా, ఆకుల మధ్య. పువ్వు వాడాక దాని మొదట్లోంచి సన్నటి ఊడ ఒకటి సాగుతుంది. వంగి, నేల వైపు తిరిగి, సూదిలా మట్టిలోకి దిగుతుంది. దిగాకనే కొన ఉబ్బి కాయవుతుంది. ఊడ దిగే ఆ పది పదిహేను రోజులు నేల మెత్తగా ఉండాలి. పదును లేకపోతే నేల పెంకులా గట్టిపడుతుంది. ఊడ ఆ పెంకు మీద వాలి, దిగలేక, కొన నల్లబడి ఎండిపోతుంది. చిన్నప్పుడు నాయన ఒక చెట్టు పీకి చూపించాడు. పైన పచ్చగా ఉంది, పూత బాగా వచ్చింది. కింద ఇరవై ఊడలు గాల్లో వేలాడుతున్నాయి, రెండే కాయలు. "చూడు, ఇది చేయాల్సిందంతా చేసింది" అన్నాడు. చెట్టు గురించే అన్నాడు.

పంతులమ్మ ఉద్యోగంలో ఉండగా నేను ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్న గీతాశ్లోకం ఎన్నోసార్లు చెప్పాను. ఒకటో తారీఖున జీతం అందుకునే నేను చెప్పాను, తల్లిదండ్రులు బెంగళూరుకు కూలికి పోతే అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్లలు విన్నారు. శ్లోకం తప్పు కాదు. అది యుద్ధం ముందు నిలబడి చేతులు వణికినవాడికి, నీ పని నువ్వు చెయ్యి అని ఇచ్చిన ధైర్యం. పని చేసి ఓడినవాడి దగ్గరికి పోయి, నీకు ఫలం ఎందుకని అడగడానికి ఇచ్చింది కాదు.

రిటైరయ్యాక విరాటపర్వం మళ్లీ తీశాను. తిక్కన తన భారత రచన మొదలుపెట్టింది ఆ పర్వంతోనే. ఆ పెద్దాయన మాట నా చెవిలో ఉంది కాబట్టి భీష్ముడి ఘట్టం దగ్గర ఆగి ఆగి చదివాను. అక్కడ సందర్భం ఏమిటి? పాండవులు ఎక్కడ దాగారో కౌరవులకు అంతుపట్టడం లేదు. గూఢచారులు వట్టి చేతులతో తిరిగొచ్చారు. అప్పుడు భీష్ముడు ధర్మరాజు ఉన్న దేశం ఇట్లా ఉంటుందని చెబుతాడు. ఒక మంచి రాజు ఉనికికి ఆనవాలు అది. వాన పడని ఊళ్లోని జనమంతా పాపులని భీష్ముడు అనలేదు. ఆ రెండో సగం మా రామాలయంలో ఆ పెద్దాయన కలిపింది.

మన పురాణాలు కరువును ఎవరి మీద వేశాయో చూడండి. రామాయణంలో అంగదేశానికి అనావృష్టి వచ్చింది. కారణం రోమపాదుడనే రాజు చేసిన తప్పు. ఋష్యశృంగుడు అడుగుపెడితే వాన పడింది. ఎక్కడా సేద్యగాణ్ణి దోషి అనలేదు. దోషం రాజుది, దిద్దుకోవాల్సింది రాజు. మరి ఆ వేలు రాజు మీది నుంచి రైతు మీదికి ఎప్పుడు తిరిగింది? చెరువుల పూడిక తీయించకపోవడం, కాలవ నీళ్లు ఏళ్లకేళ్లు ఆలస్యం కావడం, బీమా సొమ్ము పంట ఎండిన రెండేళ్లకు రావడం, ఇవన్నీ మనుషులు చేసేవి, మనుషులు దిద్దగలిగేవి. వీటన్నిటినీ పూర్వజన్మ ఖాతాలో వేస్తే రాజుకు ఎంత సుఖం!

మా అమ్మ మాట కూడా చెప్పాలి. అమ్మ ఎప్పుడూ "ఏ జన్మలో ఏం చేసుకున్నామో" అని నిట్టూర్చేది. నిట్టూర్చి, కొంగు దోపుకుని, మరుసటేడు మళ్లీ జడ్డిగం పట్టుకునేది. ఆ మాట ఆమెకు ఊతకర్ర. తన దుఃఖానికి తాను కట్టుకున్న కట్టు. దాన్ని నేను లాగేయను, ఎవరూ లాగేయకూడదు. కర్మ అనే మాట ఎవరికి వాళ్లు తమ గుండెకు చెప్పుకునేంతవరకు అందులో ఓర్పు ఉంది. పక్కవాడి చేను ఎండినప్పుడు వాడి ముఖాన అంటే అదే మాట రాయి అవుతుంది. అమ్మ ఆ మాట జీవితంలో ఒక్కసారి కూడా పక్కింటివాళ్ల గురించి అనలేదు. ఈ తేడా ఆమెకు ఎవరూ నేర్పలేదు.

వజ్రకరూరు నుంచి తిరిగొచ్చిన మర్నాడు ఎర్రగుడి పోయాను. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఉంటుంది, ఇప్పుడు కర్నూలు జిల్లా. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు చూసేదాకా చదువుకున్న లోకానికి వాటి సంగతి తెలియదు. పక్కనే జొన్నగిరి, అశోకుడి కాలంనాటి సువర్ణగిరి అదేనని కొందరు పండితుల మాట. అక్కడా చేలల్లో వజ్రాలు ఏరుతున్నారు. బండ మీది బ్రాహ్మీ అక్షరాలు కొన్నిచోట్ల ఎడమ నుంచి కుడికి పోయి, తర్వాతి వరసలో కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి. చేను చివర ఎద్దులు మళ్లినట్టే. వేలు పెట్టి ఆ వరస వెంట పోతుంటే ఎవరో బండను దున్నినట్టుంది. అందులో రాజు చెప్పినదాని సారాంశం ఇది: ఇది ప్రయత్నానికి ఫలం, గొప్పవాళ్లకే అందేది అనుకోవద్దు, అల్పుడైనా పూనికతో ప్రయత్నిస్తే స్వర్గమంతటిదీ అందుకోగలడు. రెండువేల రెండువందల ఏళ్లకు పైగా ఆ మాట ఈ ఎండలో ఉంది. స్వర్గం అందే సంగతి నాకు తెలియదు. అల్పుడి ప్రయత్నాన్ని ఒక చక్రవర్తి లెక్కలోకి తీసుకున్నాడన్నది నాకు చాలు. ఆ శాసనంలో ఓడినవాణ్ణి నిందించే మాట ఒక్కటీ నేను చూడలేదు.

నాగేటి చాలులో సీత దొరికింది. జనకుడు దున్నింది సీత కోసం కాదు, యజ్ఞభూమి కోసం. దొరికిన బిడ్డను నా పుణ్యఫలమని అతను చాటుకోలేదు, ఎత్తుకుని పెంచుకున్నాడు. చాలు అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. దొరికినదాని ముందు మనిషి ఉండాల్సిన తీరు అట్లా ఉంటుందనిపిస్తుంది నాకు. దొరకనివాడి ముందు ఉండాల్సిన తీరు మా తమ్ముడి దగ్గర చూశాను. పక్క చేను ఎండితే పోయి గట్టు మీద కూచుంటాడు, బీడీ ఇస్తాడు, ఏమీ అనడు.

నాయనా, నీ ప్రశ్నకు జవాబు ఇన్నేళ్లకు చెబుతున్నాను. మనమేమీ చేయలేదు. చెట్టు చేయాల్సిందంతా చేసింది.

పురాణాలు చెప్పే పెద్దలకు ఒక విన్నపం. ఈ ఏడూ మా ఊళ్లలో విరాటపర్వం చదివిస్తారు. రండి, చదవండి, మేం వింటాం. భీష్ముడి మాట దగ్గర పుస్తకం మూసి మా వైపు మాత్రం చూడకండి.

తమ్ముడు ఆ రోజు విత్తిన ఏడెకరాలూ బాగా మొలిచాయి. ఇది రాస్తున్న పూటకు పైరుకు నలభై రెండు రోజులు. పూత నిండుగా ఉంది, ఊడలు దిగుతున్నాయి. పంతొమ్మిది రోజులుగా చినుకు లేదు.